రెండు రూపాయల కూలింగ్ ఛార్జీ: ఎనిమిదో తరగతి వినియోగదారుల క్లబ్‌పై కేస్ స్టడీ

కృష్ణా డెల్టాలో ఒక మండల కేంద్రం. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి ఒక సెక్షన్, 36 మంది పిల్లలు, ఆరుగురేసి ఆరు జట్లు. వారానికి ఒక పీరియడ్ చొప్పున ఎనిమిది వారాలు వినియోగదారుల క్లబ్బు. బడి గేటు దాటగానే ఒక కిరాణా కొట్టు, ఒక ఫ్యాన్సీ షాపు, ఒక బేకరీ, రెండు తోపుడు బళ్లు ఉంటాయి. పిల్లల చేతి డబ్బంతా తిరిగేది ఈ అయిదు చోట్లే కాబట్టి క్లబ్బు కూడా వీటినే పట్టుకుంది.

ఎనిమిదో తరగతిని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఆరో తరగతి వాళ్లకు శాతాలు, దశాంశాలు ఇంకా చేతికి రావు. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షల గోల. ఎనిమిదిలో ఉన్నవాళ్లకు గ్రాముకు ఎన్ని పైసలు పడుతుందో లెక్కకట్టడం వచ్చు, పైగా ఇంట్లో కొట్టు పనులన్నీ వాళ్ల నెత్తిమీదే పడతాయి.

పాఠశాలల్లో వినియోగదారుల క్లబ్బుల పథకాన్ని కేంద్రం 2002లో తెచ్చింది, 2004 ఏప్రిల్ నుంచి రాష్ట్రాలకు అప్పగించింది. చాలా చోట్ల అది వినియోగదారుల దినాలైన మార్చి 15న, డిసెంబరు 24న వ్యాసరచన పోటీ పెట్టి, బ్యానర్ ముందు ఫొటో దిగడం దగ్గరే ఆగిపోయింది. ఆ వ్యాసాల్లో వినియోగదారుల ఆరు హక్కులూ వరస తప్పకుండా ఉంటాయి. రాసిన పిల్లే సాయంత్రం పాల ప్యాకెట్‌కు రెండు రూపాయలు ఎక్కువిచ్చి వస్తుంది. అందుకే ఇక్కడ హక్కుల జాబితాతో మొదలుపెట్టలేదు. ఆరో వారం దాకా ఆ మాట బోర్డెక్కలేదు. ముందు వస్తువు, తర్వాత ఆధారం, ఆ తర్వాతే హక్కు.

ఖాళీ కవర్లు

మొదటి వారం ఒక్కో జట్టు ఇంటి దగ్గర్నుంచి పది ఖాళీ కవర్లు తేవాలి. పాలు, నూనె, బిస్కెట్లు, చిప్స్, సబ్బు, పేస్టు, పెన్సిల్ పెట్టె, అయిపోయిన మాత్రల షీటు, ఏవైనా సరే. పాల కవర్లు, నూనె కవర్లు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి తెమ్మని గట్టిగా చెప్పాలి. చెప్పకపోతే రెండో రోజుకే గదంతా వాసన, చీమలు.

తూనికలు కొలతల చట్టం కింద 2011లో వచ్చిన ప్యాకేజీ సరుకుల నిబంధనల ప్రకారం ప్యాకెట్ మీద ఉండాల్సినవి: సరుకు పేరు, తయారీదారు లేదా ప్యాక్ చేసినవారి పేరు, చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, సంవత్సరం, అన్ని పన్నులూ కలిపిన ఎంఆర్‌పీ, గ్రాముకో కిలోకో మిల్లీలీటరుకో పడే యూనిట్ ధర, ఫిర్యాదు చేయడానికి కస్టమర్ కేర్ నంబరు లేదా ఈమెయిల్. తినే సరుకైతే వీటికి తోడు పదార్థాల జాబితా, వాడాల్సిన గడువు తేదీ, ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) ఇచ్చే 14 అంకెల నంబరు, శాకాహార లేదా మాంసాహార గుర్తు కూడా ఉండాలి. ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క శాకాహారం. మాంసాహారానికి ఇప్పుడు గోధుమరంగు త్రిభుజం. ఇదివరకు అదీ చుక్కే కావడంతో రంగులు సరిగా ఆనని వాళ్లకు రెండూ ఒకలాగే ఉండేవి.

అయితే మొదటి పీరియడ్‌లో సగం కవర్ల మీద తేదీ, ధర దొరకవు. తయారీదారు ముద్రించక కాదు. ఆ వివరాలను కంపెనీలు ఎక్కువగా ప్యాకెట్ పైఅంచున, అతుకు దగ్గర కొడతాయి, పిల్లలు చింపేదీ అక్కడే. తేదీ ఉన్న ముక్క కొట్టు ముందే కిందపడిపోతుంది. అందుకని క్లబ్బు పెట్టిన మొట్టమొదటి అలవాటు చాలా చిన్నది: చింపేముందు తేదీ ఎక్కడుందో చూడు, దానికి ఎదురు అంచున చింపు, తినడం అయ్యేదాకా కవరు పారేయకు. ఏదైనా తేడా వస్తే బ్యాచ్ నంబరున్న ఆ ముక్కే ఆధారం. అది లేకుండా కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్లు అడిగే మొదటి ప్రశ్నకే జవాబుండదు.

రెండో ఇబ్బంది భాష. వివరాలు ఇంగ్లిషులోగానీ హిందీలోగానీ ఉంటే చట్టానికి చాలు, తెలుగు తప్పనిసరి కాదు. నేర్పాల్సిన ఇంగ్లిషు పదాలు మాత్రం పదిహేను కూడా ఉండవు కాబట్టి ఒక చార్టు మీద ఆ పదం, దాని పక్కన తెలుగు రాసి గోడకు అంటిస్తే సరిపోతుంది. అక్షరాలు మరీ చిన్నవైతే టీచరు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసి చూడొచ్చు. భూతద్దం కన్నా అదే తేలిక.

ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు మీద పిల్లలకు ఎక్కడలేని సరదా. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్. నాలుగు, అయిదు స్థానాల్లో ఉన్నది సంవత్సరం. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో వస్తుంది. అక్కడే ఒక మాట చెప్పి తీరాలి: నంబరు ఉందంటే వ్యాపారి నమోదయ్యాడని అర్థం, ఆ ప్యాకెట్‌లో సరుకు మంచిదని ఎవరో పరీక్షించి చెప్పినట్టు కాదు.

రూపాయి సరుకుల చిక్కు

పిల్లలు ఎక్కువగా కొనేవి రూపాయి, రెండు రూపాయల పిప్పరమెంటు బిళ్లలు, చాక్లెట్లు. వాటి మీద చాలా వివరాలు కనపడవు. రెండో వారానికే ఒక జట్టు లేచి, ఫ్యాన్సీ షాపులో అన్నీ దొంగ సరుకులేనని తీర్మానించేసింది. చట్టం తెలియని టీచరైతే ఆ తీర్మానానికి చప్పట్లు కొట్టిస్తారు.

నిజానికి 10 గ్రాములు లేదా 10 మిల్లీలీటర్లకు మించని ప్యాకెట్లకు ప్యాకేజీ నిబంధనల నుంచి మినహాయింపు ఉంది. ఆహారం లేబుళ్ల నిబంధనల్లోనూ ప్యాకెట్ ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్ల కన్నా తక్కువైతే పదార్థాల జాబితా, లైసెన్సు నంబరు లాంటివి విడి ప్యాకెట్ మీద ఉండనక్కర్లేదు. అవి వచ్చిన పెద్ద డబ్బా మీద ఉంటే చాలు. ఇక్కడ గణితం టీచరు సాయం పనికొచ్చింది. 8 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పున్న కవరు రెండు వైపులూ కలిపితే 96 చదరపు సెంటీమీటర్లు, అంటే మినహాయింపులోకి వస్తుంది. 9 బై 6 అయితే 108, ఇక రాదు. స్కేలుతో కొలిచి ఏ కవరు ఎటు పడుతుందో వేరు చేయించాక జట్టు అడగాల్సిన ప్రశ్న మారింది: "అన్నా, ఇవి వచ్చిన డబ్బా ఒకసారి చూపిస్తారా?" ఆ డబ్బా మీద కూడా పేరూ ఊరూ లేకపోతే అప్పుడు అనుమానించాలి.

స్టిక్కర్లదీ ఇదే కథ. అచ్చయిన ధర మీద ఇంకో ధర అంటిస్తే తప్పు. ధర తగ్గించినప్పుడు మాత్రం కొత్త స్టిక్కర్ వేయొచ్చు, అదీ పాత ఎంఆర్‌పీని కప్పకుండా. గోరుతో గీకి చూడాలని పిల్లలకు చేయి దురద పెడుతుంది. కొననప్పుడు గీకకూడదు, కొన్నాక గీకొచ్చు. బాధ్యత అనే మాట వాడకుండానే బాధ్యత చెప్పడానికి ఇది మంచి చోటు.

తూకంలో తొందరపాటు

మూడో వారం కాటా. కూరగాయలు తూచే పెద్ద ఎలక్ట్రానిక్ కాటా ఇందుకు పనికిరాదు. 0.1 గ్రాము దాకా చూపించే చిన్న పాకెట్ కాటా ఒకటి, 1 గ్రాము దాకా చూపించే వంటింటి కాటా ఒకటి తీసుకోవాలి. రెంటినీ ముందు సైన్సు ల్యాబ్‌లోని 50, 100 గ్రాముల తూకపురాళ్లతో సరిచూడాలి. బల్ల కదులుతున్నా, ఫ్యాను గాలి తగులుతున్నా పాకెట్ కాటా అంకెలు నిలబడవు.

సరుకున్న ప్యాకెట్‌ను మొత్తంగా తూచి రాసుకోవాలి. ఖాళీ అయ్యాక కవరు తుడిచి, దాన్ని తూచి, తీసేయాలి. వచ్చినదే నికర బరువు. దీంట్లో పిల్లలు చేసే పొరపాటు ఒక్క ప్యాకెట్ తూచి తీర్పు చెప్పేయడం. 30 గ్రాములని రాసి ఉంటే 28.2 వచ్చింది, మోసం అంటారు. నిబంధనల్లో ఒక్కో ప్యాకెట్‌కు అనుమతించే తేడా ఉంది: 50 గ్రాముల వరకు 9 శాతం, 50 నుంచి 100 వరకు 4.5 గ్రాములు, 100 నుంచి 200 వరకు 4.5 శాతం, 200 నుంచి 300 వరకు 9 గ్రాములు, 300 నుంచి 500 వరకు 3 శాతం, 500 నుంచి కిలో వరకు 15 గ్రాములు. అంటే 30 గ్రాముల ప్యాకెట్ ఒక్కటి 27.3 దాకా దిగొచ్చు. కానీ చాలా ప్యాకెట్ల సగటు మాత్రం 30కి తగ్గకూడదు. కంపెనీ అన్నిట్లోనూ రెండేసి గ్రాములు మిగుల్చుకుంటే ఆ తేడా నిబంధన దాన్ని కాపాడదు. అందుకే ఒకే బ్యాచ్‌వి పది ప్యాకెట్లు తూచనిదే ఏ మాటా అనకూడదని క్లబ్బులో కట్టుబాటు.

నూనె ప్యాకెట్ దగ్గర ప్రతి జట్టూ బోల్తా పడుతుంది. లీటరు ప్యాకెట్ కాటా మీద పెడితే 910 గ్రాముల చిల్లర చూపిస్తుంది. తొంభై గ్రాములు కొట్టేశారని గోల మొదలవుతుంది. నూనె నీళ్లకన్నా తేలిక, ప్యాకెట్ మీద కూడా లీటరు పక్కనే 910 గ్రాములని ఉంటుంది. సాంద్రత పాఠం సైన్సు పీరియడ్‌లో కన్నా ఇక్కడే బాగా ఎక్కింది. ఆ గోలలోనే ఒక అమ్మాయి ఇంకోటి పట్టుకుంది: చూడటానికి లీటరు ప్యాకెట్‌లాగే ఉన్న ఒకదాని మీద 800 మిల్లీలీటర్లని ఉంది. అది మోసం కాదు, అచ్చేసి మరీ అమ్ముతున్నారు. చూసుకోవాల్సింది కొనేవాళ్లే.

యూనిట్ ధర లెక్క కూడా ఈ వారమే. 5 రూపాయలకు 45 గ్రాములు, 30 రూపాయలకు 250 గ్రాములు ఇచ్చే రెండు బిస్కెట్ ప్యాకెట్లు అనుకుందాం. మొదటిది గ్రాముకు 11.1 పైసలు, రెండోది 12 పైసలు. పెద్దది కొంటే కలిసొస్తుందని ఇంట్లో అందరూ అనుకునే మాట ఇక్కడ తిరగబడింది. బోర్డు మీద ఇలాంటి లెక్క ఒకటి చేసి చూపించాక, ఇంట్లో వాడే షాంపూ సాషేను సీసాతో పోల్చి రమ్మంటే చాలు, మిగతాది వాళ్లే చేసుకొస్తారు.

నాలుగో వారం రైతుబజారు. ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న మొదలైన ఈ బజార్లలో ఏ రోజు ధరలు ఆ రోజు బోర్డు మీద రాస్తారు కాబట్టి పోల్చుకోవడానికి ఒక అంకె దొరుకుతుంది. పిల్లలు చూడాల్సినవి మూడే. సరుకు పెట్టకముందు కాటా సున్నా చూపిస్తోందా? తట్టగానీ సంచీగానీ పెట్టి తూస్తే దాని బరువు తీసేశారా? తూనికలు కొలతల శాఖ ముద్ర ఎప్పటిది? ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికోసారి, తక్కెడకు, తూకపురాళ్లకు రెండేళ్లకోసారి ముద్ర వేయించాలి. మిఠాయి కొట్లో అయితే అట్టపెట్టెను స్వీటుతో కలిపి తూచడం మామూలైపోయింది. ఖాళీ పెట్టె ముందు కాటా మీద పెట్టి సున్నా చేయమని అడగడం పదమూడేళ్ల పిల్లలు కూడా చేయగల పని.

అసలు కేసు

అయిదో వారం జట్లకు ఒక పట్టిక ఇచ్చారు. ఇంటికి ఎలాగూ తేవాల్సిన సరుకులకే, కొత్తగా ఏమీ కొనకుండా, ఏడు రోజులు నింపాలి. తేదీ, సరుకు, ఎంఆర్‌పీ, ఇచ్చిన డబ్బు, బిల్లు ఇచ్చారా లేదా, చిల్లర బదులు ఏమైనా చేతిలో పెట్టారా: ఇవే గళ్లు. కొట్టు పేరు రాయకూడదు, అ, ఆ, ఇ అని గుర్తులే.

పట్టికలన్నీ ఒక చార్టు మీదికి ఎక్కించేసరికి ఒక సంగతి బయటపడింది. సబ్బులు, పేస్టులు, నోటుపుస్తకాలు ఎంఆర్‌పీకో అంతకు తక్కువకో వస్తున్నాయి. ఎక్కువ తీసుకుంటున్నది మూడింటికే: పాల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, చల్లటి నీళ్ల సీసాలు. అంటే ఫ్రిజ్‌లోంచి తీసిచ్చే ప్రతిదానికీ. పేరు కూలింగ్ ఛార్జీ.

ఎంఆర్‌పీ అంటే అన్నీ కలిపిన గరిష్ఠ ధర. అంతకు తక్కువకు అమ్మొచ్చు, బేరమాడొచ్చు, ఎక్కువకు అమ్మకూడదు. చల్లబరిచినందుకు వేరే ఛార్జీ అనేది చట్టంలో లేదు. ఇక్కడ పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్నలు రెండున్నాయి, జవాబులు సిద్ధంగా ఉంచుకోవాలి. హోటల్లో కూర్చుని తాగే నీళ్ల సీసాకు ఎక్కువ తీసుకుంటారు కదా? హోటళ్లు, రెస్టారెంట్లలో ఇచ్చేది సేవతో కలిపి కాబట్టి అక్కడ ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో చెప్పింది. కిరాణా కొట్టుకు అది వర్తించదు. మరి ఒకే సీసా మీద ఒక్కోచోట ఒక్కో ఎంఆర్‌పీ ఎందుకుంటుంది? ఒకే రకం సరుకుకు రెండు ఎంఆర్‌పీలు వేయడం 2018 జనవరి 1 నుంచి కుదరదు.

చట్టం తేలిపోయింది కాబట్టి వెళ్లి నిలదీయడమే తరువాయి అని పిల్లల ఉత్సాహం. కేసులో కీలకమైన మలుపు ఇక్కడ ఉంది. చార్టు చూసి ఒకబ్బాయి నెమ్మదిగా అన్నాడు: "మా నాన్నమ్మ పేరు మీద ఆ కొట్లో ఖాతా ఉంది సార్."

ఊరి కొట్టుతో కుటుంబానికుండేది కొనుగోలుదారు సంబంధం ఒక్కటే కాదు. నెలాఖరు దాకా అప్పు పెట్టేదీ, జ్వరమొస్తే రాత్రి పదింటికి తలుపు తీసి బ్రెడ్డు ఇచ్చేదీ ఆ కొట్టాయనే. ఇదేమీ పట్టించుకోని పాఠం పిల్లను ఇంట్లోనూ కొట్లోనూ ఇరుకున పెడుతుంది, రెండోసారి నోరెత్తకుండా చేస్తుంది. పట్టణం పిల్లల కోసం రాసిన మెటీరియల్‌లో ఈ సంగతి ఎక్కడా కనపడదు. అందుకే క్లబ్బు ఒక వరస పెట్టుకుంది. మొదట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పాలి. వాళ్లు సరేనంటే, కొట్లో జనం లేనప్పుడు, మర్యాదగా, ఒక్కసారి అడగాలి. దానికి జవాబు రాకపోతే పేర్లు లేని చార్టుతో క్లబ్బు తరఫున టీచరు మాట్లాడాలి. ఫిర్యాదు ఆ తర్వాత మాట.

అడిగే తీరును తరగతిలో నాటకంగా వేయించారు. నాలుగు వాక్యాలు దాటకూడదు.

"బాబాయ్, ఈ ప్యాకెట్ మీద ఉన్నదానికన్నా రెండు రూపాయలు ఎక్కువ తీసుకున్నారు."

"కూలింగ్ ఛార్జీ అమ్మా, అందరూ ఇస్తున్నారుగా."

"ఎంఆర్‌పీలో అన్నీ కలిసే ఉంటాయంట బాబాయ్. బిల్లు ఇస్తారా, నాన్నకు చూపిస్తాను."

బిల్లు అడగడం దగ్గరే సగం సందర్భాల్లో రెండు రూపాయలు వెనక్కి వస్తాయి. ఎంఆర్‌పీ కన్నా ఎక్కువని తన చేత్తో రాసివ్వడానికి ఎవరూ ఇష్టపడరు. నాటకంలో కొట్టాయన వేషం వేసేవాడికి తప్పనిసరిగా మంచి వాదన ఇవ్వాలి. లేకపోతే అవతలివాడు దుర్మార్గుడన్న నమ్మకంతోనే పిల్లలు బయటికి పోతారు.

ఆరో వారం కిరాణా కొట్టాయననే క్లాసుకు పిలిచారు. పిల్లల ప్రశ్నలు ముందురోజే ఆయనకు రాసిచ్చారు. పాల మీద మిగిలేది చాలా తక్కువని, ఫ్రిజ్ కరెంటు బిల్లు, పగిలిన ప్యాకెట్ల నష్టం తన మీదే పడతాయని ఆయన చెప్పారు. అది నిజమే. అయితే ఆ కమిషను సంగతి తేల్చుకోవాల్సింది డెయిరీతోగానీ ప్యాకెట్ కొనే పిల్లతో కాదని ఒక జట్టు జవాబిచ్చింది. ఆ జవాబు టీచరు చెప్పి ఉంటే అంత బాగా నాటేది కాదు. ఫలితం పూర్తిగా వచ్చిందని చెప్పలేం. కిరాణా కొట్లో పాలకు కూలింగ్ ఛార్జీ ఆగింది, కూల్‌డ్రింకులకు ఆగలేదు. బేకరీ పిల్లల దగ్గర తీసుకోవడం మానేసి పెద్దవాళ్ల దగ్గర కొనసాగించింది.

చిల్లర బదులు చాక్లెట్ విషయం తేలిగ్గానే తేలింది. అక్కర్లేదు అంటే బలవంతంగా అంటగట్టలేరు, కానీ జేబులో రూపాయి బిళ్లలు రెండు ఉంచుకోవడం అంతకన్నా పనిచేసే మందు. పది రూపాయల నాణెం తీసుకోని కొట్టుకు మాత్రం, 14 డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ఇచ్చిన ప్రకటన కాపీ చూపించాల్సి వచ్చింది.

ఎవరికి చెప్పాలి

హక్కులు బోర్డెక్కింది ఇప్పుడు. అప్పటికి పిల్లల దగ్గర ప్రతి హక్కుకూ ఒక కవరో, ఒక పట్టికో ఉంది కాబట్టి ఇరవై నిమిషాలు పట్టింది, అంతే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మైనరు తరఫున తల్లిదండ్రులుగానీ చట్టబద్ధ సంరక్షకులుగానీ ఫిర్యాదు చేయాలి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. రంగు నచ్చలేదంటే మాత్రం అది వేరే సంగతి, అక్కడ కొట్టాయన దయ.

పిల్లలు తికమకపడేది ఏ ఫిర్యాదు ఎటు పోవాలన్న చోట. ఎంఆర్‌పీ, తూకం తేడాలు తూనికలు కొలతల శాఖకు. తినే సరుకులో పురుగో, కల్తీ అనుమానమో ఉంటే ఆహార భద్రత అధికారికి. రేషన్ షాపు విషయమైతే 1967. ఏదీ తెలియకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. అయితే హెల్ప్‌లైన్ కోర్టు కాదు, కంపెనీకి చేరవేసి రాజీ కుదిర్చే ఏర్పాటు. తీర్పు కావాలంటే జిల్లా వినియోగదారుల కమిషన్. చెల్లించిన సొమ్ము 50 లక్షల వరకు కేసులు అక్కడికే వస్తాయి, 5 లక్షల వరకు ఫీజు లేదు, రెండేళ్లలోగా వేయాలి.

మధ్యాహ్న భోజనం బాగాలేకపోతే 1915కు ఫోన్ చేయొచ్చా అన్న ప్రశ్న ఊహించినట్టే వచ్చింది. వినియోగదారు కావాలంటే డబ్బు చెల్లించి ఉండాలి. బడి భోజనం ఉచితం కాబట్టి ఈ చట్టం కిందికి రాదు. అలాగని అడిగే హక్కు లేదని కాదు. ఆ దారి ప్రధానోపాధ్యాయుడు, పాఠశాల యాజమాన్య కమిటీ, విద్యాశాఖ.

ఉత్తరం రాయడం మీద ఒక పూర్తి పీరియడ్ పెట్టాలి. పిల్లల మొదటి ఉత్తరాల నిండా కోపమే ఉంటుంది, తేదీ ఉండదు. కొన్న చోటు, తేదీ, సరుకు, బ్యాచ్ నంబరు, కట్టిన సొమ్ము, ఏం తేడా వచ్చింది, ఏం కావాలి, జతపరిచినవి ఏవి: ఈ ఎనిమిదీ ఉంటే చాలు, విశేషణం ఒక్కటీ అక్కర్లేదు. "ఏం కావాలి" అన్నది దాదాపు అందరూ మరిచిపోతారు. మార్చి ఇవ్వాలా, డబ్బు వాపసా చెప్పకపోతే అవతలివాళ్లు క్షమాపణ చెప్పి ఊరుకుంటారు. సాధనకు సిరా కారే పెన్నులు, అతుకు ఊడిన జామెట్రీ బాక్సులు దొరుకుతాయి. నోటుపుస్తకాలు మరీ మంచివి: అట్ట మీద రాసిన పేజీల సంఖ్యకూ లెక్కపెట్టిన పేజీలకూ తేడా ఉంటే వెంటనే రాసేయకుండా, విషయసూచిక, అచ్చు పేజీలు కూడా కలిపి లెక్క చెప్పారేమో చూడాలి.

ఫోన్ నంబరు ఎప్పుడూ ప్యాకెట్ మీదున్నదే తీసుకోవాలి. గూగుల్‌లో కస్టమర్ కేర్ అని వెతికితే వచ్చే నంబర్లలో మోసగాళ్లవి కలిసి ఉంటాయి. రీఫండ్ పేరుతో ఓటీపీ అడుగుతారు. కట్టే డబ్బు రెండు రూపాయలు, పోయేది నాన్న ఖాతా. పిల్లల సొంత వివరాలు ఎక్కడా ఇవ్వకూడదు, పెద్దవాళ్ల నంబరే.

ఓఆర్ఎస్ పాఠం

లేబుల్ చదవడం ఎందుకో చెప్పడానికి తెలుగు నేల మీది ఉదాహరణే ఉంది. విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే పొడి ఓఆర్ఎస్. ఆ పేరు పెట్టుకుని అమ్మే తీపి పానీయాల మీద హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లేని పానీయాలు ఆ పేరు వాడకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. అసలు ఓఆర్ఎస్ పొట్లం 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు. అందులో గ్లూకోజు 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. మందుల షాపులో దొరికే పొట్లం పక్కన ఏదైనా పండ్లరసం డబ్బా పెట్టి, రెంటిలో లీటరుకు చక్కెర ఎంతో లెక్కకట్టించాలి. విరేచనాలప్పుడు చక్కెర ఎక్కువైన పానీయం నీటిని ఇంకా పేగుల్లోకి లాగుతుందని సైన్సు టీచరు చెప్పాక, ముందువైపు బొమ్మ చూసి కొనడానికీ వెనకవైపు అంకెలు చూసి కొనడానికీ తేడా ఏమిటో విడమర్చాల్సిన పని ఉండదు.

కల్తీ పరీక్షలను ఈ క్లబ్బు తక్కువే చేసింది, అదీ మందులక్కర్లేనివే. గ్లాసు నీళ్లలో మిరియాలు వేస్తే వాటిలో కలిపిన బొప్పాయి గింజలు తేలతాయి. బంగాళదుంప ముక్క మీద ఉప్పు వేసి, నిమిషం ఆగి రెండు చుక్కల నిమ్మరసం పిండితే అయోడిన్ ఉన్న ఉప్పు నీలంగా మారుతుంది. తేలిన మిరియాలన్నీ కల్తీ కాదు, పొల్లువి కూడా తేలతాయి. ఇవి అనుమానానికి పనికొస్తాయిగానీ రుజువుకు కాదు. ఆమ్లాలతో చేసేవి తరగతి గదిలో వద్దు.

వీడియో తీయకు

బాధ్యతల్లో నేటి పిల్లలకు అన్నిటికన్నా కష్టమైనది ఇదే. పురుగు కనపడగానే వీడియో తీసి గ్రూపుల్లో పెట్టేస్తారు. వీడియో తీయడం తప్పు కాదు, ఆధారంగా పనికొస్తుంది. తప్పు ఎక్కడంటే, కొట్టు పేరుతో ఊరంతా తిప్పడం. సరుకు తయారీలో చెడిందా, కొట్లో నిల్వలో చెడిందా, ఇంట్లో మూత తీసి పెట్టినందుకు చెడిందా తేలకముందే ఒకరి వ్యాపారం పోతుంది.

ఈ అలవాటును పరీక్షలోకే ఎక్కించారు. ఏడో వారం తరగతిలో ఉత్తుత్తి కొట్టు పెట్టి పన్నెండు వస్తువులు పేర్చారు: తేదీ దాటినది, ఎంఆర్‌పీ మీద స్టిక్కర్ ఉన్నది, చిరునామా లేనిది, ఐఎస్ఐ గుర్తు లేని బొమ్మ కారు (2021 జనవరి నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు అది తప్పనిసరి) ఇలా. పన్నెండింటిలో మూడు వస్తువులకు ఏ దోషమూ లేదు. దోషం పట్టుకుంటే ఒక మార్కు, లేని దోషం అంటగడితే రెండు మార్కులు కోత. పదిహేను నిమిషాలు. మొదటి ఆటలో జట్లన్నీ మంచి వస్తువుల్ని కూడా తిట్టి మార్కులు పోగొట్టుకున్నాయి, రెండో ఆటలో స్కేలు, చార్టు చేతబట్టుకుని వచ్చాయి. దోషం లేనివి పెట్టకుండా ఈ పరీక్ష నడిపితే అనుమానించడం తప్ప ఇంకేమీ నేర్పినట్టు కాదు.

క్లబ్బు చేయి పెద్దగా ఆడనిది తోపుడు బళ్ల దగ్గర. బజ్జీకి ఎంఆర్‌పీ లేదు, లేబుల్ లేదు. బండి మీద ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కాగితం ఉందా అని చూడటం, నూనె నల్లబడిందా అని గమనించడం వరకే అయింది. బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు పిల్లలకు అమ్మకూడదన్న 2020 నిబంధన ఉంది. దాన్ని అమలు చేయించాల్సింది ప్రధానోపాధ్యాయుడు, అధికారులు, పిల్లల చేత పోట్లాడించే విషయం కాదని పక్కన పెట్టారు. బేకరీలో విడిగా అమ్మే స్వీట్ల ట్రేల మీద ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని 2020 అక్టోబరు నుంచి ఉంది. ఆ ట్రేలు చూడటం దగ్గర తర్వాతి ఏడాది పిల్లలు మొదలుపెడతారు, అది కూడా జులైలోనే. డిసెంబరు 24 దాకా ఆగితే సంక్రాంతి సెలవులు, ఆ వెంటే పరీక్షలు మీదపడి రైతుబజారు వారం ఎగిరిపోతుంది.